పాత వానల లెక్కతో కట్టిన నగరాలు

2021 సెప్టెంబరు 1 రాత్రి న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఒక్క గంటలో 80 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ నగరంలో వాననీటిని మోసే గొట్టాలను గంటకు సుమారు 44 మిల్లీమీటర్ల వానను దృష్టిలో పెట్టుకుని వేశారు. మిగతా నీటికి పోయే దారి లేదు. అది వీధుల్లోకి, మెట్రో మెట్ల మీదుగా సొరంగాల్లోకి, నేలకన్నా కిందున్న ఇళ్లలోకి పోయింది. ఐడా తుఫాను బలహీనపడ్డాక మిగిలిన మేఘాలు తెచ్చిన ఆ వానకు నగరంలో 13 మంది చనిపోయారు. వారిలో 11 మంది బేస్‌మెంట్ ఇళ్లలో ఉన్నవాళ్లే.

80కీ 44కీ మధ్య ఏం జరుగుతుందో చూస్తే నగరాలకు పెరుగుతున్న ముప్పు ఎలాంటిదో తెలుస్తుంది. గంటకు 40 మిల్లీమీటర్ల వాన పడితే గొట్టాలు దాన్ని మింగేస్తాయి, ఎవరూ పట్టించుకోరు. 50 పడితే పల్లపు వీధుల్లో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి, రెండు గంటల్లో తీసేస్తాయి. 80 పడితే మనుషులు చనిపోతారు. వాన రెట్టింపయితే నష్టం కూడా రెట్టింపవుతుందనే లెక్క ఇక్కడ పనిచేయదు. ఒక గీత వరకు నష్టం దాదాపు ఉండదు, గీత దాటాక ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. డ్రైనేజీకి, కరెంటు లైన్లకు, రైలు పట్టాలకు, ఆసుపత్రులకు, చివరికి మనిషి శరీరానికి కూడా ఇలాంటి గీత ఒకటుంది. వాతావరణ మార్పు గురించి మాట్లాడేటప్పుడు సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగిందనో, ఒకటిన్నర డిగ్రీ పెరుగుతుందనో వింటూ ఉంటాం. నగరంలో ఉండేవాళ్లకు అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆ పెరుగుదలకు ఏ గీత ఎన్నిసార్లు తెగుతుందన్నదే.

వాన ఎందుకు ముదురుతోంది

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టి ఉంచుకోగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. ఇది 19వ శతాబ్దంలోనే తేలిన భౌతికశాస్త్ర సూత్రం. 1850-1900 కాలంతో పోలిస్తే 2011-2020 దశాబ్దంలో భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు 1.1 డిగ్రీలు ఎక్కువగా ఉంది. కుండపోత పడే రోజున మేఘానికి అందే తేమ ఆ మేరకు పెరిగింది. అంతటితో ఆగదు. ఆవిరి నీటిబొట్టుగా మారేటప్పుడు వేడి బయటికొస్తుంది. ఆ వేడి మేఘంలోని గాలిని ఇంకా పైకి తోస్తుంది, చుట్టుపక్కల నుంచి మరింత తేమగాలిని లాక్కొస్తుంది. అందుకే కొన్ని ప్రాంతాల్లో గంటసేపు దంచి కొట్టే వానలు డిగ్రీకి 7 శాతం కన్నా ఎక్కువ జోరుగా పెరుగుతున్నాయి.

అదే సమయంలో భూమి మీద ఏడాది మొత్తంలో కురిసే వాన ఆ స్థాయిలో పెరగదు. డిగ్రీకి 1 నుంచి 3 శాతం వరకే పెరుగుతుందని ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి ఏర్పాటుచేసిన శాస్త్రీయ సంఘం) నివేదిక చెబుతోంది. ఆకాశం ఎక్కువ నీటిని మోస్తోంది కానీ, మొత్తంగా కురిసేది మాత్రం అంతగా పెరగడం లేదు. అంటే చాలాచోట్ల వాన తక్కువ రోజుల్లో, ఎక్కువ ఉధృతితో పడుతుంది. నగరానికి ఇంతకన్నా చెడ్డ పంపకం లేదు. రోజంతా కురిసే 100 మిల్లీమీటర్ల ముసురును తట్టుకునే కాలువ, అదే వాన గంటన్నరలో పడితే చేతులెత్తేస్తుంది.

ఇక కాలువ కొలత ఎలా నిర్ణయిస్తారో చూడాలి. ఇంజనీర్లు ఆ ప్రాంతపు పాత వర్షపాతం రికార్డులు తీసుకుని, పదేళ్లకు ఒకసారి పడే వాన ఇంత, వందేళ్లకు ఒకసారి పడేది ఇంత అని లెక్క కడతారు. 'వందేళ్ల వాన' అనగానే ఒకసారి పడితే ఇక వందేళ్లు నిశ్చింత అనుకుంటారు చాలామంది. ఆ మాటకు అర్థం ఏ ఏడాదైనా అది పడే అవకాశం నూటికి ఒకటి అని మాత్రమే. 30 ఏళ్ల కాలం తీసుకుంటే అలాంటి వాన కనీసం ఒక్కసారైనా పడే అవకాశం 26 శాతం. వాతావరణం మారకపోయినా పరిస్థితి ఇది.

ఈ లెక్కంతా ఒక ఊహ మీద నిలబడి ఉంది: ఇంతకుముందు ఎలా ఉందో ఇకముందూ అలాగే ఉంటుందని. ఆ ఊహకు కాలం చెల్లిందని 2008లో కొందరు జలవనరుల శాస్త్రవేత్తలు 'సైన్స్' పత్రికలో సూటిగా రాశారు. ఐపీసీసీ 2021 నివేదిక ప్రకారం, పారిశ్రామిక యుగానికి ముందు పదేళ్లకు ఒకసారి పడిన భారీ వాన ఇప్పుడు పదేళ్లలో సగటున 1.3 సార్లు పడుతోంది. భూతాపం 2 డిగ్రీలకు చేరితే 1.7 సార్లు, 4 డిగ్రీలకు చేరితే 2.7 సార్లు పడుతుంది. ఒకసారి భూమిలో వేసిన గొట్టం యాభై, అరవై ఏళ్లు, కొన్ని నగరాల్లో వందేళ్లకు పైగా పనిచేస్తుంది. ఈ ఏడాది వేసే గొట్టం మోయాల్సింది 2070, 2080ల నాటి వాన. దాని వ్యాసం మాత్రం 1970, 1980ల రికార్డు చూసి నిర్ణయిస్తే, మొదటి రోజు నుంచే అది చిన్నదైపోయినట్టు.

నగరం తన వంతు తానూ కలుపుతుంది. మట్టి ఉన్నచోట వాననీటిలో కొంత భాగం ఇంకిపోతుంది. కాంక్రీటు, తారు పరిచినచోట దాదాపు అంతా పారుతుంది, అదీ వేగంగా. అమెరికాలోని హ్యూస్టన్‌ను 2017లో ముంచెత్తిన హార్వీ తుఫాను వానలో వాతావరణ మార్పు వల్ల అదనంగా పడింది 15 శాతం లేదా అంతకన్నా ఎక్కువని పలు అధ్యయనాలు తేల్చాయి. మరుసటి ఏడాది 'నేచర్' పత్రికలో వచ్చిన అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది: నగరం విస్తరించడం వల్లే ఆ స్థాయి వరద వచ్చే అవకాశం అక్కడి పరీవాహక ప్రాంతాల్లో సగటున 21 రెట్లు పెరిగిందట. తప్పు ఆకాశానిదా నేలదా అనే వాదనకు ఇక్కడ చోటు లేదు. రెండూ ఒకదాన్నొకటి హెచ్చవేసుకున్నాయి.

చైనాలోని ఝెంగ్‌ఝౌలో 2021 జులై 20న ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్లు పడింది. నీటిని పీల్చుకునే 'స్పాంజ్ నగరం'గా మార్చేందుకు ఆ నగరం అంతకుముందే భారీగా ఖర్చు చేసింది. వాననీటి తోటలూ, నీరు ఇంకే పేవ్‌మెంట్లూ మామూలు వానలకు మంచి పరిష్కారమే. గంటకు 200 మిల్లీమీటర్లు పడినప్పుడు వాటి వల్ల పెద్దగా ఒరిగేది ఉండదు. మెట్రో ఐదో లైన్‌లో ఇరుక్కుని 14 మంది చనిపోయారు. అలాంటి వానను పూర్తిగా మోసే డ్రైనేజీని ఏ నగరమూ కట్టలేదు. ఆ స్థాయిలో ప్రాణాలు కాపాడేది రైళ్లను ఎప్పుడు ఆపాలి, సొరంగాలను ఎప్పుడు మూసేయాలి అని ముందే తీసుకున్న నిర్ణయం ఒక్కటే.

తీరప్రాంత నగరాలకు దీనిమీద ఇంకో బెడద. వాననీరు చివరికి సముద్రంలో కలవాలి. 2005 జులై 26న ముంబైలోని శాంతాక్రజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్లు పడినప్పుడు సముద్రం పోటు మీద ఉంది. గంటకు 25 మిల్లీమీటర్ల వానకు కట్టిన పాత కాలువలకు నీరు వదిలే చోటు కూడా లేకుండా పోయింది. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. వినడానికి జానెడు ఎత్తే. తుఫాను ఉప్పెన వచ్చే రోజున ఆ జానెడే గోడ దాటిస్తుంది. 2012లో న్యూయార్క్‌ను ముంచిన శాండీ తుఫాను నష్టం దాదాపు 6,000 కోట్ల డాలర్లయితే, అందులో సుమారు 800 కోట్లు మనుషుల వల్ల పెరిగిన సముద్రమట్టం ఖాతాలోకే వస్తాయని 2021లో ఒక అధ్యయనం లెక్కకట్టింది.

రాత్రి చల్లబడకపోతే

వరద కళ్లకు కనిపిస్తుంది, వీడియోల్లోకి ఎక్కుతుంది. వేడి అలా కనిపించదు, అయినా ఎక్కువమందిని అదే చంపుతుంది. 2003 వేసవిలో యూరప్‌లో వేడికి అదనంగా 70,000 మందికి పైగా చనిపోయారు. ఒక్క ఫ్రాన్స్‌లోనే ఆ సంఖ్య 15,000 దాకా ఉంది. ఈ మరణాల్లో ఎక్కువ భాగం వైద్యపత్రాల్లో గుండెపోటుగానో, శ్వాస సమస్యగానో, కిడ్నీ వైఫల్యంగానో నమోదవుతాయి. మామూలు రోజుల్లో జరిగే మరణాలతో పోల్చి చూస్తేనే అసలు సంఖ్య బయటపడుతుంది. అందుకే వేడి తీవ్రతను ప్రభుత్వాలూ ప్రజలూ చాలాకాలం తక్కువగా అంచనా వేశారు. ఇప్పటికీ వేస్తున్నారు.

నగరం చుట్టుపక్కల పల్లెల కన్నా వేడిగా ఉంటుందని లండన్‌లో ల్యూక్ హోవర్డ్ 19వ శతాబ్దం తొలినాళ్లలోనే కొలిచి చూపించాడు. ఈ తేడా పగటికన్నా రాత్రిపూట బాగా తెలుస్తుంది. కాంక్రీటు, ఇటుక, తారు పగలంతా ఎండను తాగి రాత్రంతా ఆ వేడిని వదులుతాయి. ఎత్తయిన భవనాల మధ్య ఇరుకు వీధుల్లో ఆ వేడి ఆకాశంలోకి పోలేక గోడల మధ్యే తిరుగుతుంది. చెట్టు ఆకుల నుంచి నీరు ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది, చెట్టు లేనిచోట ఆ పనీ జరగదు. వాహనాలు, ఏసీలు బయటికి వదిలే వేడి దీనికి తోడు. అమెరికాలో ఎడారి మధ్యనున్న ఫీనిక్స్ నగరంపై 2014లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఏసీలు వదిలే వేడికే అక్కడ కొన్నిచోట్ల రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి పైగా పెరుగుతోంది. ఏసీ ఉన్న గది చల్లబడటానికి ఏసీ లేని పక్కింటివాళ్లు ఆ వేడి భరిస్తున్నారు.

శరీరం పగటి వేడి నుంచి కోలుకునేది రాత్రి నిద్రలోనే. రాత్రి కూడా చల్లబడకపోతే గుండెకు విశ్రాంతి ఉండదు. రెండో రోజు, మూడో రోజు కల్లా ఆ భారం పేరుకుపోతుంది. 1995 జులైలో షికాగోలో ఐదు రోజుల వేడికి 739 మంది అదనంగా చనిపోవడంలో ఉక్కపోత రాత్రుల పాత్ర పెద్దది. తేమ ఎక్కువగా ఉన్నప్పుడు చెమట ఆరదు కాబట్టి థర్మామీటరు చూపే అంకె ఒక్కటే చూసి ప్రమాదాన్ని అంచనా వేయలేం. వేడినీ తేమనూ కలిపి కొలిచే తడి బల్బు ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే ఎవరూ తట్టుకోలేరని చాలాకాలంగా ఒక సిద్ధాంతం ఉంది. ఆరోగ్యంగా ఉన్న యువతీ యువకులపై అమెరికాలో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం చేసిన ప్రయోగాల్లో ఆ హద్దు 31 డిగ్రీల దగ్గరే ఎదురైంది. ముసలివాళ్లకు అది ఇంకా కిందే ఉంటుంది.

వానకన్నా వేడి విషయంలో తీవ్ర ఘటనలు ఎంతో వేగంగా పెరుగుతాయి. ఉష్ణోగ్రతల్లో ఎక్కువ రోజులు సగటు చుట్టూ ఉంటాయి, విపరీతమైన వేడి రోజులు అంచున అరుదుగా ఉంటాయి. సగటు కాస్త జరిగినా అంచున ఉన్న రోజుల సంఖ్య కొన్ని రెట్లవుతుంది. ఒకప్పుడు 50 ఏళ్లకు ఒకసారి వచ్చిన వేడి ఇప్పుడు ఆ 50 ఏళ్లలో దాదాపు 4.8 సార్లు వస్తోందని, 2 డిగ్రీల భూతాపం దగ్గర దాదాపు 14 సార్లు వస్తుందని ఐపీసీసీ లెక్క. ఇవి నేలంతటికీ వేసిన సగటులు. నగరం సొంతంగా చేర్చే వేడి వీటికి అదనం.

చలిదేశాల నగరాల్లో ప్రమాదం మరింత మొండిగా కూర్చుంది, ఎందుకంటే అక్కడ ఇళ్లు కట్టిందే వెచ్చదనం బయటికి పోకుండా. 2022 జులైలో బ్రిటన్‌లో మొదటిసారి 40 డిగ్రీలు దాటినప్పుడు లండన్ అగ్నిమాపక దళం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఎన్నడూ లేనంతగా పరుగులు పెట్టింది. అంతకు ఏడాది ముందు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో వేడికి 619 మంది చనిపోయారు. వారిలో 98 శాతం మంది ఇంట్లోనే వేడి బారిన పడ్డారు. సగానికి పైగా ఒంటరిగా ఉంటున్నవాళ్లు. మూడింట రెండు వంతుల మంది 70 ఏళ్లు, అంతకు పైబడినవాళ్లు. వడదెబ్బ అంటే ఎండలో తిరిగేవాళ్లకు వచ్చేదన్న అభిప్రాయం ఈ అంకెల ముందు నిలవదు. తలుపులు మూసుకుని మంచం మీద ఉన్నవాళ్లు చనిపోయారు.

కరెంటు పోతే

ఈ ముప్పుల్ని విడివిడిగా లెక్కపెట్టే అలవాటే ప్రమాదకరం. 2024 జులైలో బెరిల్ తుఫాను హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు తీసేసింది. గాలివాన పోయింది, వెంటనే ఎండ మొదలైంది. లక్షల ఇళ్లలో రోజుల తరబడి ఏసీ లేదు, ఫ్యాన్ లేదు, ఫ్రిజ్ లేదు. తుఫానును తట్టుకున్నవాళ్లలో కొందరు ఆ తర్వాతి వేడికి పోయారు. ఫీనిక్స్‌లో వడగాలుల మధ్య నగరమంతా కరెంటు పోతే ఏమవుతుందని 2023లో పరిశోధకులు కంప్యూటర్ నమూనాతో అంచనా వేస్తే, జనంలో సగం మందికి అత్యవసర వైద్యం కావాల్సి రావచ్చని, 12,000 మందికి పైగా చనిపోవచ్చని తేలింది.

ఒక వ్యవస్థ కూలితే దాని మీద ఆధారపడ్డ ఇంకొకటి కూలుతుంది. శాండీ తుఫాను రోజున న్యూయార్క్‌లోని ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ముందుజాగ్రత్తగా జనరేటర్లను 13వ అంతస్తులో పెట్టుకుంది. వాటికి ఇంధనం పంపే మోటార్లు మాత్రం నేలమాళిగలో ఉన్నాయి, అవి మునిగిపోయాయి. సిబ్బంది, సైనికులు వరుసగా మెట్ల మీద నిలబడి ఇంధనాన్ని చేతులతో 13 అంతస్తులు పైకి అందించారు. ప్రతి నగరంలోనూ ఇలాంటి కనబడని మోటారు ఏదో ఒక నేలమాళిగలో ఉంటుంది. దాన్ని ముందుగా వెతకడం పెద్ద ఖర్చు లేని పని, చాలా నగరాలు ఇంకా చేయని పని కూడా.

కార్చిచ్చులదీ ఇదే దారి. 2025 జనవరిలో లాస్ ఏంజెలిస్ శివార్లు కాలిపోవడానికి ముందు రెండు శీతాకాలాలు బాగా వానలు పడి పొదలు ఏపుగా పెరిగాయి, తర్వాత నెలల తరబడి చినుకు లేక అవన్నీ ఎండిపోయాయి, అప్పుడు పెనుగాలి వీచింది. తడి, ఎండ, గాలి మూడూ ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి.

అన్నిటికీ వాతావరణ మార్పేనా

కాదు. ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి, లేకపోతే నిర్లక్ష్యానికి అదో మంచి సాకు అవుతుంది. 2023 సెప్టెంబరులో లిబియాలోని డెర్నా నగరాన్ని సముద్రంలోకి ఊడ్చేసిన వానను వాతావరణ మార్పు ఉధృతం చేసింది నిజమే. వేల ప్రాణాలు పోవడానికి తక్షణ కారణం ఏళ్ల తరబడి మరమ్మతులు లేని రెండు ఆనకట్టలు తెగిపోవడం. జకార్తా ఉత్తర భాగం మునిగిపోతున్నది ముఖ్యంగా భూగర్భ జలాలు తోడేయడం వల్ల నేల కుంగిపోతున్నందుకు. అక్కడ సముద్రం పెరిగే వేగం కన్నా నేల దిగే వేగమే ఎక్కువ. శాస్త్రం ఇంకా గట్టిగా చెప్పలేని విషయాలూ ఉన్నాయి. ప్రపంచం మొత్తంలో తుఫానుల సంఖ్య పెరుగుతోందనడానికి ఆధారం బలంగా లేదు. వాటిలో అతి తీవ్రమైనవాటి వాటా పెరుగుతోందని, అవి కురిపించే వాన పెరుగుతోందని మాత్రం నమ్మకంగా చెప్పగలుగుతున్నారు. వడగళ్లు, టోర్నడోల విషయంలో అంచనాలు ఇంకా బలహీనంగానే ఉన్నాయి.

గీత ఎక్కడ గీయాలి

స్పెయిన్‌లోని వలెన్సియా 1957లో ఘోరమైన వరద చూసింది. ఆ తర్వాత తూరియా నదిని నగరం మధ్య నుంచి తప్పించి దక్షిణంగా కొత్త కాలువలోకి మళ్లించారు. పాత నదీగర్భం ఇప్పుడు పొడవాటి ఉద్యానవనం. 2024 అక్టోబరు 29న ఆ కాలువ పాత నగరాన్ని నిజంగానే కాపాడింది. అయితే కాలువకు దక్షిణాన, వరద మైదానంలో దశాబ్దాలుగా పెరిగిన పట్టణాలు పక్క వాగు పొంగి మునిగాయి. స్పెయిన్‌లో 220 మందికి పైగా చనిపోయారు. ఆ ప్రాంతంలోని తురీస్ అనే ఊళ్లో ఒక్క గంటలో 184.6 మిల్లీమీటర్లు పడింది. వాతావరణ శాఖ ఉదయమే అత్యున్నత హెచ్చరిక ఇచ్చింది. జనం ఫోన్లకు అత్యవసర సందేశం వెళ్లింది రాత్రి 8 గంటల 11 నిమిషాలకు. అప్పటికే వీధుల్లో నీళ్లు పారుతున్నాయి. భారీ ఖర్చుతో తవ్విన కాలువ ఒకచోట కాపాడింది, ఆలస్యమైన ఫోన్ సందేశం ఇంకోచోట ముంచింది.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ వేరే దారి పట్టింది. 2011 జులై 2న మూడు గంటల్లోపే దాదాపు 150 మిల్లీమీటర్ల వాన పడి ఆ నగరం స్తంభించింది. మరుసటి ఏడాది తయారుచేసిన ప్రణాళికలో నగరం తనను తాను ఒక ప్రశ్న వేసుకుంది: ఎంత మునక సహించగలం? వందేళ్ల వాన పడినా వీధుల్లో 10 సెంటీమీటర్లకు మించి నీరు నిలవకూడదని తీర్మానించుకుంది. మొత్తం వాననీటిని గొట్టాల్లో పట్టే ప్రయత్నం మానుకుంది. కొన్ని వీధులనే కాలువల్లా, కొన్ని పార్కులనే తాత్కాలిక చెరువుల్లా పనిచేసేలా మలచడం మొదలుపెట్టింది. దాదాపు 300 పనులు, ఇరవై ఏళ్ల గడువు. ఇందులో మెచ్చుకోవాల్సింది ఇంజనీరింగ్ కన్నా ఆ 10 సెంటీమీటర్ల నిజాయితీని. ఏ వానకు ఎంత మునుగుతామో జనానికి ముందే అంకెతో చెప్పిన నగరాలు చాలా తక్కువ.

వేడికి అలాంటి అంకె ఇంకా అరుదు. 2010లో వేడికి ఒక్క నెలలోనే 1,300 మందికి పైగా అదనంగా చనిపోయాక అహ్మదాబాద్ 2013లో వేడి కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. ఉష్ణోగ్రత ఎంత దాటితే ఎవరికి కబురు వెళ్లాలి, ఏ ఆసుపత్రి ఏం సిద్ధం చేసుకోవాలి అని అందులో ముందే రాసిపెట్టుకున్నారు. హెచ్చరిక అవసరమే. కానీ కరెంటు పోయిన పై అంతస్తు గదిలో ఒంటరిగా ఉన్న ముసలావిడకు హెచ్చరిక అందినా వెళ్లే చోటు ఉండాలి, తీసుకెళ్లే మనిషి ఉండాలి. చాలా చలిదేశాల నగరాల్లో శీతాకాలంలో అద్దె గది కనీసం ఇంత వెచ్చగా ఉండాలని చట్టం ఉంది, వేసవిలో ఇంతకు మించి వేడెక్కకూడదని లేదు. ఫీనిక్స్‌లో మాత్రం ఏసీ ఉన్న అద్దె ఇల్లు దాదాపు 28 డిగ్రీలకు చల్లబడగలగాలనే నిబంధన ఉంది. 2021 మరణాల తర్వాత బ్రిటిష్ కొలంబియా కూడా తన భవన నిబంధనలను మార్చింది. 2024 నుంచి అక్కడ కొత్తగా కట్టే ఇళ్లలో కనీసం ఒక గదైనా 26 డిగ్రీలు దాటకుండా డిజైన్ చేయాలి. ఇప్పటికే కట్టిన ఇళ్లకు ఆ నిబంధన వర్తించదు. ఆ 619 మందిలో అత్యధికులు వేడికి చిక్కుకుపోయింది అలాంటి ఇళ్లలోనే.